భట్టీలో పగిలిన రింగు

అల్లుడా,

నీ ఉత్తరం చదివిన. నికెల్ మిశ్రమలోహపు రింగు వెల్డింగు అయినంక, రంగు పూసి పగుళ్లు చూసే డీపీ టెస్టులో ఏ మచ్చా లేదని, భట్టీలోంచి తీసినంక పక్కనే సన్నటి పగులు కనబడ్డదని రాసినవు. నీ చెయ్యి మంచిదే, రంది పడకు. మొదటి ఏడాది నాకూ ఇట్లనే పగిలితే రెండు రోజులు అన్నం సయించలేదు.

నువ్వు మిర్యాలగూడ రైసుమిల్లుల బాయిలర్ల మీద పని నేర్చినోడివి. అక్కడ ఉక్కుకు నిదానంగా సెగ ఎక్కిస్తం, నిదానంగా దించుతం. ఆ అలవాటే ఇక్కడ ముంచింది. ఈ నికెల్ లోహాలకు బలం భట్టీలనే పుడుతది: అల్యూమినియం, టైటానియం, నియోబియం నికెల్‌తో కలిసి కంటికి ఆనని రవ్వలైతయి. వెల్డింగు పక్కన లోహం ముడుచుకొని బిగుసుకుపోయి ఉంటది. భట్టీల ఆ బిగువు సడలకముందే రవ్వలు పుట్టి లోహపు గింజల లోపలి భాగాన్ని గట్టి చేస్తే, సాగాల్సిన భారమంతా గింజల అంచుల మీద పడి అక్కడ తెగుతది.

వాస్పలాయ్ అనే నికెల్ లోహంలో రవ్వలు తొందరగా పుడతయి. హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ 1962లో పేటెంటు పొందిన 718 అనే లోహంలో మాత్రం నిదానంగా పుడతయి, బిగువు సడలడానికి వ్యవధి దొరుకుతది. కంచన్‌బాగ్‌ల మిధాని కంపెనీ సూపర్‌నీ 718 అని చేసేది ఈ జాతి లోహమే. అయినా ధీమా పడొద్దు.

ముక్క చేతికి రాగానే, ఏజింగ్, అంటే రవ్వలు పుట్టించే వేడి, అయిందా అని అడుగు. అయి ఉంటే ముందు 980 డిగ్రీల దగ్గర మెత్తబరచనియ్యి. వెల్డింగు తర్వాత మళ్ల మెత్తబరిచేటప్పుడు 600 నుంచి 900 దాకా భట్టీ తొందరగా దాటాలె. ఒకవైపు మందం, ఒకవైపు పల్చన ఉన్న ముక్కైతే అన్ని దిక్కులా సమంగా వేడెక్కేటట్టు చూడు. ఏజింగ్ ఆ తర్వాతనే: 720 దగ్గర 8 గంటలు, గంటకు 55 డిగ్రీల చొప్పున దించి, 620 దగ్గర ఇంకో 8.

గ్రీజు, మార్కర్ గీతలు తుడవకుండా ఆర్క్ పెట్టకు, వాటిలోని గంధకం పగుళ్లు తెస్తది. కరెంటు తగ్గించి సన్నటి బీడ్లు వెయ్యి, ఒకటి చల్లారినంకనే ఇంకోటి. మధ్యలో బీడు మీద పట్టే నల్లటి ఆక్సైడ్ పొర గీకెయ్యి. నికెల్ 1455 డిగ్రీలకు కరిగినా, ఆ పొర కరగదు. ఆర్క్ ఒక్కసారి తెంపకు, గుంటను నింపుతూ కరెంటు దించు.

దసరాకు నల్లగొండ వచ్చేటప్పుడు, మీ సారును అడిగి పగిలిన చోటు ముక్క కోసి తీసుకరా. పాలిష్ పట్టి చూద్దాం.

మీ మామ