క్షేత్ర పరిశోధనలో గది అమరిక

ఒక ప్రాంతపు జనజీవితాన్ని అధ్యయనం చేయదలచిన విద్యార్థికి గ్రంథాలయం ఎంత అవసరమో, అనుభవం చెప్పగల మనిషి అంతకన్న అవసరం. అట్టి మనిషిని వక్త అనీ, అడిగేవానిని పృచ్ఛకుడనీ వ్యవహరిద్దాం. ప్రశ్నావళిని శ్రద్ధగా సిద్ధం చేసుకొనే విద్యార్థులు సైతం వక్త కూర్చోబోయే చోటును గూర్చి ఆలోచించడం అరుదు. కాని నోటినుండి మాట స్వేచ్ఛగా వెలువడడం చాలవరకు ఆ చోటునుబట్టే ఉంటుంది.

ఈ విషయంలో మన ప్రాంతానికి మార్గదర్శి గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి సవరభాష నేర్వదలచిన ఆయన, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకరిని తన ఇంటనే ఉంచుకొన్నారు. కచేరీ బల్ల ముందు నిలబడి చెప్పే సమాధానం వేరు. ఇంటి మనిషిగా ఉండి పలికే పలుకు వేరు. అలా మొదలైన కృషి 1931లో సవర వ్యాకరణంగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా ఫలించింది.

నేడు ఉద్దానంలో ఈ విషయానికి మరింత ప్రాముఖ్యం ఉంది. అక్కడి మూత్రపిండాల వ్యాధికి మూలకారణం ఇంతవరకు నిశ్చయంగా తేలలేదు. ఏ బావినీరు తాగారు, ఏ నొప్పి మాత్రలు మింగారు, ఎండలో ఎంతసేపు పనిచేశారు అన్న ప్రశ్నలకు రోగి నిజం చెప్పకపోతే పరిశోధన దారి తప్పుతుంది. ఇరుగుపొరుగు వింటున్న అరుగుమీద, పెండ్లికెదిగిన కూతురున్న తండ్రి తన జబ్బును దాచవచ్చు. పలాస జీడిపప్పు కార్మికురాలు గుమాస్తా ఎదుట కూలి సంగతి ఎట్లా చెబుతుంది?

కాబట్టి విద్యార్థులు ఈ క్రింది విషయాలు గమనించాలి.

1. ఇద్దరి ఆసనాలూ ఒకే ఎత్తున ఉండాలి. వక్త చాపమీద కూర్చుంటే పృచ్ఛకుడు కుర్చీ కోరరాదు.

2. మధ్య బల్ల పెట్టుకొని ఎదురెదురుగా కూర్చుంటే విచారణ జరుగుతున్నట్లుంటుంది. కొంచెం ఏటవాలుగా కూర్చుంటే వక్త చూపు తిప్పుకోగలడు.

3. వెలుతురు వక్త కన్నులలో పడరాదు. గుమ్మం అతనికి కనబడుతూ, దారి అడ్డులేకుండా ఉండాలి. లేచిపోగలనన్న ధైర్యమున్నవాడే నిలకడగా మాట్లాడతాడు.

4. మంచినీళ్లు అందుబాటులో ఉండాలి. అయితే నీటిని మితంగా తాగవలసిన రోగిని బలవంతపెట్టరాదు.

5. మాటలు రికార్డు చేసే పరికరాన్ని అనుమతి పొందిన పిమ్మటే కనబడేచోట ఉంచాలి.

6. మన ముస్లిం కుటుంబాలలో పలుచోట్ల దివాన్‌ఖానా మగవారి చోటు. అక్కడ స్త్రీని అడిగితే భర్తో కొడుకో బదులు చెబుతాడు. విద్యార్థినులు అనుమతితో లోపలి గదిలో, ఆమె పని ముగిసిన వేళ మాట్లాడడం ఉచితం.

గది ఎంత చక్కగా అమర్చినా వక్త చెప్పదలచనిది చెప్పించే హక్కు మనకు లేదు. చెప్పదలచినదానికి అడ్డులేకుండా చేయడమే మన పని. విన్నదాన్ని అతని అనుమతి లేనిదే పేరుతో ప్రకటించరాదు. ఈ నియమం పాటించని పృచ్ఛకునికి ఆ గుమ్మం రెండవసారి తెరుచుకోదు. అతని వెనుక వచ్చే విద్యార్థులకూ తెరుచుకోదు.