నెయ్యిలో నీరు ఎక్కడ దాక్కుంటుంది?

పిడుగురాళ్ల చుట్టుపక్కల పాడి వున్న ఇళ్లలో, సంఘానికి పోయగా మిగిలిన పాలను తోడువేసి, చిలికి, వెన్న కాచుకోవడం మనకు తెలిసిన పనే. అయితే ఒకరింటి నెయ్యి నెలల తరబడి కమ్మగా వుంటుంది. మరొకరింటిది నెల తిరగకముందే చెడువాసన పడుతుంది. చూపుకు రెండూ తేటగానే వుంటాయి. కొనేవాడు మాత్రం ముందు వాసన చూసి, తరువాతే ధర చెబుతాడు. ఈ తేడాకు కారణాలు కొన్ని వున్నాయి. వాటిలో మిగిలిపోయిన నీరు ముఖ్యమైనది. తేటనెయ్యిలో ఆ నీరు ఎక్కడ వుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాలలో వెన్న చిన్న చిన్న బొట్లుగా నీటిలో తేలుతూ వుంటుంది. ఒక్కో బొట్టు మిల్లీమీటరులో కొన్ని వేయోవంతులు మాత్రమే. గేదెపాల బొట్లు ఆవుపాల వాటికంటే కొంచెం పెద్దవి. ప్రతి బొట్టుకూ పలుచని పొర వుంటుంది. కవ్వం ఆ పొరను చింపుతుంది. బొట్లు ఒకదానికొకటి అంటుకొని ముద్ద కడతాయి. అప్పుడు వ్యవహారం తలకిందులవుతుంది. ఇంతవరకు నీటిలో వెన్న వుండేది, ఇప్పుడు వెన్నలో నీటిచుక్కలు చిక్కుకుంటాయి. బజారులో అమ్మే టేబుల్ బటర్‌లో కూడా 16 శాతం దాకా నీటిని చట్టం అనుమతిస్తుంది.

ఆ పొరలో ఫాస్ఫోలిపిడ్లు అనే పదార్థాలున్నాయి. వాటి అణువుకు ఒక తల, తోకలు వుంటాయని అనుకోండి. తలకు నీరంటే ఇష్టం, తోకకు కొవ్వంటే ఇష్టం. సబ్బుదీ ఇదే గుణం. క్యాను కడిగేటప్పుడు సబ్బు అణువుల తోకలు జిడ్డును పట్టుకుంటాయి, తలలు బయట నీటివైపు వుంటాయి. (మన సున్నపురాతి నేలలో బోరునీటికి సబ్బు సరిగా నురగ రాదు. నీటిలోని సున్నం ఆ తలలను పట్టుకొని తెట్టు కట్టిస్తుంది. ఆ తెట్టు క్యానుకే అంటుకుంటుంది. అందుకే క్యాన్లకు సబ్బు వద్దు, చాకలి సోడాయే మేలంటున్నాము.)

కొవ్వులో వున్నప్పుడు ఈ అణువులు ఎదురు తిరుగుతాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో మన గొర్రెలు ఎలా నిలబడతాయో చూశారు కదా! తలలన్నీ లోపలికి, తోకలన్నీ బయటికి. సరిగ్గా అలాగే ఇవి గుండ్రంగా చేరి, నడుమ కాసింత నీటిని దాచుకుంటాయి. దీనిని శాస్త్రజ్ఞులు రివర్స్ మిసెల్ అంటారు. తిరగబడిన గూడు అనుకోవచ్చు. దీని అడ్డుకొలత కొన్ని నానోమీటర్లే. మిల్లీమీటరులో పదిలక్షలోవంతు ఒక నానోమీటరు. ఇంత చిన్నవి వెలుగును చెదరగొట్టలేవు కనుక, నీరున్నా నెయ్యి తేటగానే కనబడుతుంది.

కంటికి కనబడని గూటి లోపల నీరు ఎలా వుందో చూడటానికి కంప్యూటరు లెక్కలు తోడ్పడ్డాయి. ఆ విద్యకు దారివేసిన వారిలో ముఖ్యుడు మన హైదరాబాదులో 1927లో పుట్టిన అనీసుర్ రహమాన్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తరువాత అమెరికా వెళ్లారు. 1964లో ద్రవరూప ఆర్గాన్‌లోని 864 పరమాణువుల కదలికను కంప్యూటరుతో లెక్కగట్టారు. 1971లో స్టిల్లింజర్‌తో కలిసి 216 నీటి అణువులకు అదే పని చేశారు. పద్ధతి చెప్పటానికి తేలికే. ఏ అణువు దేనిని ఎంత బలంగా లాగుతోందో లెక్కవేయాలి, రెప్పపాటులో కోట్లవంతుకన్న తక్కువ కాలం ముందుకు జరపాలి, మళ్లీ లెక్కవేయాలి. లక్షలసార్లు!

2000లో ఫేడర్, లాడాన్యి అనే శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితోనే తిరగబడిన గూళ్ల లోపలికి చూశారు. వారు తీసుకున్నది పాల పదార్థం కాదు, ప్రయోగశాలలో వాడే మరో రకం. అయినా వారు చూపిన సంగతి మనకు పనికివస్తుంది. తలలకు ఆనుకొని వున్న నీరు గట్టిగా కట్టుబడి, బహు నెమ్మదిగా కదులుతుంది. గూడు చిన్నదయ్యేకొద్దీ లోపలి నీటిలో ఎక్కువభాగం ఇలా కట్టుబడినదే.

ఇక మన పొయ్యి దగ్గరకు వద్దాం. వెన్న కాగేటప్పుడు చిటపటలాడేది నీరు పోతున్న శబ్దం. పెద్దచుక్కల నీరు ముందు పోతుంది. గూళ్లలోది చివరిదాకా వుంటుంది. కట్టెలు మిగులుతాయని చప్పుడు తగ్గగానే దించితే అది లోపలే వుండిపోతుంది. ఆ నీటి అంచునే కొవ్వు విడిపోవడం, గాలితో కలిసి చెడడం మొదలవుతుంది. ఫాస్ఫోలిపిడ్లు చెడ్డవి కావు సుమా, నెయ్యి నిలవకు అవి తోడ్పడతాయి కూడా. పోవలసింది నీరు. చట్టం ప్రకారం నెయ్యిలో తేమ 0.5 శాతం మించరాదు.

కనుక వెన్నను ముందు చన్నీళ్లలో కడిగి మజ్జిగ పోగొట్టండి. నీరు పోయేవరకు నూరు డిగ్రీల దగ్గరే నిలిచే వేడి, ఆ తరువాత పైకెక్కుతుంది. 110 నుంచి 120 డిగ్రీల మధ్య, చిటపట పూర్తిగా ఆగి, అడుగు గసి ఎర్రబడినప్పుడు దించండి. గసి మాడనివ్వకండి. వడకట్టి, ఎండలో ఆరిన గిన్నెలోనే పోయండి. తడి గరిటె ముంచవద్దు. అనుమానముంటే పొడి వత్తిని ఆ నెయ్యిలో ముంచి వెలిగించండి. దీపం చిటపటమంటే మళ్లీ పొయ్యి మీద పెట్టవలసిందే.