వేపే కదా అన్న బిడ్డకు ఏం చెప్పాలి?

"సిగరెట్టు కాదు నాన్నా, వేపే. అసలు ఇది పొగే కాదు" అని బిడ్డ ఈ-సిగరెట్టు గురించి అంటే చాలామంది తల్లిదండ్రులకు నోట మాట రాదు. కసరడానికి కారణం దొరకదు, ఊరుకోవడానికి మనసొప్పదు. ఎవరినైనా అడిగితే ఒకరు సిగరెట్టు కన్నా నయమంటారు, మరొకరు ప్రాణాల మీదికి తెస్తుందంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ మాట ఎవరికి వర్తిస్తుందో తెలుసుకుంటే బిడ్డతో ఏం మాట్లాడాలో మీకే తేలుతుంది.

ఈ దిగులు మన ఇళ్ళకే పరిమితం కాదు. మయన్మార్‌లోని యాంగోన్ నగరాన్ని మన ఉత్తరాంధ్ర పెద్దలు రంగం అనేవారు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడలెక్కి వెళ్ళి అక్కడ బస్తాలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చినవాళ్ళు మనవాళ్ళే. అలాంటి వలస బతుకు ఈనాడు ఆ నగరంలో కనబడేది లైంగ్‌థార్యార్‌లో. లైంగ్ నదికి పడమటి ఒడ్డున 1980ల చివర్లో వెలసిన ఈ పేటలో 2014 జనాభా లెక్కల నాటికే ఆరు లక్షల ఎనభై వేల మందికి పైగా ఉన్నారు. 2008 మే నెలలో నర్గీస్ తుఫాను ఇరావతి డెల్టాను ఊడ్చేశాక ఎన్నో కుటుంబాలు ఇటే వచ్చాయి. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు, చెప్పుల ఫ్యాక్టరీలే వాళ్ళకు ఆధారం. అమ్మానాన్నలు ఊళ్ళో ఉంటే, మీసాలు సరిగా రాని పిల్లలు హాస్టల్ గదుల్లో సర్దుకుని ఓవర్‌టైములు చేస్తారు. వీధి మొగలో కిళ్ళీ కొట్టు ఉంటుంది. తమలపాకు మీద సున్నం రాసి, వక్కా పొగాకూ వేసి మడిచి ఇస్తారు. పక్కనే విడి సిగరెట్లు, ఆకు చుట్టలు. ఇప్పుడు వాటికి తోడు యాంగోన్ కుర్రకారు చేతుల్లో వేప్ కూడా కనబడుతోంది. కొడుకును హైదరాబాదు హాస్టల్లోనో, చెన్నై కంపెనీలోనో వదిలిన శ్రీకాకుళం తల్లిదండ్రుల దిగులూ ఇదే. పిల్లల చేతికి డబ్బు వస్తోంది, అలసట ఉంది, స్నేహితులున్నారు, చూసుకునే పెద్దలు మాత్రం దగ్గర లేరు.

వేప్ దొరికితే విసిరికొట్టే ముందు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. లోపల చిన్న లిథియం బ్యాటరీ, దూది లాంటి వత్తి, దాన్ని చుట్టుకున్న సన్నటి లోహపు తీగ ఉంటాయి. వత్తిని తడిపే ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, మామిడో పుచ్చకాయో పుదీనానో అనిపించే సువాసన కలిసి ఉంటాయి. నోట పెట్టి పీల్చగానే తీగ వేడెక్కి ఆ ద్రవం సన్నటి తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో ఈ పరికరానికి ఇప్పటి రూపం తెచ్చాడు.

సిగరెట్టులో ఆకు కాలుతుంది, అసలు తేడా అక్కడే ఉంది. ఆ మంటలోంచి ఏడు వేలకు పైగా రసాయనాలు పుడతాయి. వాటిలో కనీసం డెబ్భై క్యాన్సర్ కారకాలు. తారు, కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది కూడా ఆ మంట నుంచే. పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొగ తాగేవారికి క్షయ సోకే ముప్పు రెట్టింపు పైనే. గాలాడని గదుల్లో పదిమంది కలిసి పడుకునే చోట, అందులోనూ క్షయ ఎక్కువగా ఉన్న మయన్మార్ లాంటి దేశంలో, ఇది చిన్న విషయం కాదు.

వేప్‌లో మంట లేదు కాబట్టి తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. విషాల మోతాదు సిగరెట్టు కన్నా బాగా తక్కువ. అందుకే ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ 2015లో, సిగరెట్టు తాగేవాళ్ళు దానికి బదులు వేప్‌కు మారితే హాని చాలా తగ్గుతుందని చెప్పింది. నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీల కన్నా వేప్‌తో సిగరెట్టు మానగలిగినవారు ఎక్కువని పరిశోధనల్లోనూ తేలింది. ఇది దాచాల్సిన నిజం కాదు. మీరు దాస్తే బిడ్డ ఫోన్‌లో చూసి తెలుసుకుంటాడు. ఆ తర్వాత మీరు చెప్పే మిగతా మాటలు కూడా నమ్మడు.

అయితే ఆ నయం రోజూ సిగరెట్లు కాల్చేవాడికి. ఎన్నడూ సిగరెట్టు ముట్టని పదిహేడేళ్ళ పిల్లవాడు ఆ మాట పట్టుకుని వేప్ మొదలుపెట్టడమంటే, రోగికి రాసిన చీటీతో ఆరోగ్యంగా ఉన్నవాడు మందు మింగడమే. వాడి విషయంలో వేప్‌ను పోల్చి చూడాల్సింది మంచి గాలితో. అలా చూస్తే లాభం ఒక్కటీ లేదు, నష్టాలు మాత్రం వరసగా ఉన్నాయి.

మొదటి నష్టం నికోటిన్. పీల్చిన పది, ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. మనిషి మెదడు పాతికేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి ఆలోపు అలవాటైతే పట్టు గట్టిగా ఉంటుంది. ధ్యాస నిలవదు, చిరాకు పెరుగుతుంది, నిద్ర చెడుతుంది. రాత్రి షిఫ్టులో మెలకువ కోసం పీల్చిన కుర్రవాడు తెల్లారాక నిద్ర పట్టక మళ్ళీ దాన్నే అందుకుంటాడు. 2015 తర్వాత వచ్చిన కొత్తరకం వేపుల్లో నికోటిన్‌ను లవణం రూపంలో కలుపుతున్నారు. గొంతు మండదు కాబట్టి ఎంత లోపలికి పోతోందో తెలియదు. అమెరికాలో పిల్లలకు బాగా అలవాటైన ఒక రకంలో చిన్న పాడ్ ఒక్కదానిలోనే దాదాపు సిగరెట్టు పెట్టెడు నికోటిన్ ఉండేది. పైగా వేప్ పట్టిన పిల్లలు తర్వాత సిగరెట్టుకు దిగే అవకాశం, పట్టనివారితో పోలిస్తే సుమారు మూడు రెట్లు.

రెండోది ఆ తుంపర. తీగ అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, ఆక్రోలిన్ పుడతాయి. లోహపు భాగాల నుంచి నికెల్, సీసం వంటివి కొద్దికొద్దిగా కలుస్తాయి. ఊరూ పేరూ లేని సరుకైతే లోపల ఏముందో అమ్మేవాడికే తెలియదు. 2019లో అమెరికాలో వేప్ వాడినవాళ్ళకు ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది వాడింది దొంగచాటుగా అమ్మిన గంజాయి నూనె, అందులో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ప్రధాన కారణమని తేలింది. చేతులు మారి వచ్చిన ద్రవం పీల్చవద్దని పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మూడోది కాలం. సిగరెట్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే జనంలోకి వచ్చినా, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వాటికున్న సంబంధాన్ని బ్రిటన్‌లో డోల్, హిల్ అనే పరిశోధకులు లెక్కలతో చూపింది 1950లో. వేప్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటిందంతే. ముప్పై, నలభై ఏళ్ళు పీల్చిన ఊపిరితిత్తి ఎలా ఉంటుందో చూసిన వైద్యుడు ఇంకా లేడు. అది తేల్చే ప్రయోగం మన పిల్లల మీద జరగనక్కర్లేదు.

ఇక ఎలా మాట్లాడాలన్నది. బ్యాగులో తీపి వాసన, కొత్త చార్జింగు తీగ, నోరెండిపోతోందంటూ మాటిమాటికీ నీళ్ళు, గంటకోసారి బాత్‌రూమ్ లాంటివి చూస్తే అనుమానించవచ్చు, తీర్పు చెప్పకూడదు. నలుగురిలో నిలదీయకండి, చెయ్యెత్తకండి. దెబ్బలు తిన్న పిల్లవాడు వేప్ మానడు, దాచడం నేర్చుకుంటాడు. భోజనాలయ్యాక ఒంటరిగా కూర్చోబెట్టుకుని "నాన్నా, మీ వాళ్ళలో ఎంతమంది పీలుస్తున్నారు? నువ్వెప్పుడైనా చూశావా?" అని అడగండి. దూరంగా ఉన్న బిడ్డకైతే షిఫ్టు ముగిసి అన్నం తిన్నాక ఫోన్ చెయ్యండి. "అవును నాన్నా" అంటే ఉలిక్కిపడకండి. "నిజం చెప్పావు, సంతోషం. పొద్దున్న లేచాక ఎంతసేపు అది లేకుండా ఉండగలుగుతున్నావు?" అనండి. లేచీ లేవకముందే చెయ్యి దానికోసం వెతుకుతోందంటే అలవాటు ముదిరిందని ఆ పిల్లవాడికే అర్థమవుతుంది.

మానడానికి ఒక తేదీ ఇద్దరూ కలిసి పెట్టుకోండి. ఆ ముందురోజే పరికరం, ద్రవం అన్నీ తీసేయాలి. మొదటి మూడు రోజులు కష్టం. తలనొప్పి, కోపం, దిగులు ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. కావాలనే తహతహ వచ్చినప్పుడల్లా కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే దాటిపోతుంది. ఆ కాసేపూ నీళ్ళు తాగినా, సోంపు నమిలినా, మీకు ఫోన్ చేసినా సరే. కిళ్ళీకి మాత్రం మారనివ్వకండి. పొగాకు వెయ్యకపోయినా వక్క క్యాన్సర్ కారకమే. భారతదేశంలో ఉన్నవాళ్ళు 1800-11-2356కు ఫోన్ చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. ఒకసారి మాని మళ్ళీ మొదలుపెడితే ఇక వీడింతే అని వదిలెయ్యకండి. చాలామంది ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించాకే మానగలిగారు.

ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకో జాగ్రత్త. పండ్ల వాసన వచ్చే ఆ ద్రవం మింగితే నికోటిన్ విషమై వాంతులు, వణుకు, ఫిట్స్ రావచ్చు. అలా జరిగితే మీరుగా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అలాగే యాంగోన్ నుంచి వస్తూ బంధువుల కుర్రాళ్ళకు కానుకగా వేప్ తేవద్దు. భారత్‌లో 2019 చట్టం ఈ-సిగరెట్ల దిగుమతిని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధించింది. మొదటి తప్పుకే ఏడాది జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పడవచ్చు.

చివరిగా తండ్రులకు, తాతలకు ఒక మాట. పిల్లలు పెద్దలను చూసే నేర్చుకుంటారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ ఎందరో ఆడవాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ తెచ్చింది. అమ్మమ్మలను చూసి మనవరాళ్ళు నేర్చుకున్న అలవాటది. మీ జేబులో సిగరెట్టు పెట్టె ఉంటే బిడ్డకు చెప్పే మాటకు బలం చాలదు. తగ్గించాను కదా అని సరిపెట్టుకోకండి. రోజుకు ఒక్కటే కాల్చినా, ఇరవై కాల్చేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. పూర్తిగా మానితే ఏడాదికల్లా పెరిగిన ముప్పు సగానికి పడిపోతుంది. బిడ్డ మానడానికి పెట్టుకున్న తేదీనే మీదీ చేసుకోండి. "నేనూ మానుతున్నాను, ఇద్దరం కలిసి చూద్దాం" అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకుంటే, వేప్ గురించి మీరు చెప్పినదంతా బిడ్డ నమ్ముతాడు.