సముద్రగర్భమున పొదుపు పాఠము

వస్తువులు కొద్దిగాను, అవసరములు పెక్కుగాను ఉన్నపుడు ఏ అవసరమును ముందు తీర్చుకొనవలెనను ప్రశ్న ప్రతి గృహమునందును పుట్టును. అర్థశాస్త్రమునకు మూలము ఈ ప్రశ్నయే. విద్యార్థులలో కొందఱు కంప్యూటరుపై ఆడుకొను ‘సబ్‌నాటికా’ అను ఆటయందు ఇది అడుగడుగునను ఎదురగును. కావున ఆ ఆటనే ఉదాహరణముగా గైకొని, కొఱతలో మెలగు విధమును ఈ పాఠమున వివరింపబూనినాము.

ఆ ఆటను అమెరికా దేశమందలి అన్‌నోన్ వరల్డ్స్ ఎంటర్‌టైన్‌మెంట్ అను సంస్థ నిర్మించినది. అది 2018వ సంవత్సరము జనవరి మాసమున పూర్తి రూపమున వెలువడినది. కథ యిట్లు: ‘అరోరా’ అను అంతరిక్షనౌక 4546బి అను గ్రహముపై కూలిపోవును. ఆ గ్రహము దాదాపు అంతయు సముద్రమే. ఆడువాడు చిన్న రక్షణపేటికలో ప్రాణములతో బయటపడును. అందు ఫ్యాబ్రికేటర్ అను తయారుయంత్ర మొకటి కలదు. సముద్రమున దొరకిన ముడి వస్తువులను దానికి అందించినచో పనిముట్లుగా మార్చి యిచ్చును. సంచిలో నున్న గడులు 48 మాత్రమే. కనబడినదెల్ల ఏరుకొన్నవానికి కావలసినది దొరకినపుడు చోటుండదు.

రాగి లెక్క

సున్నపురాళ్లను పగులగొట్టినచో టైటానియము గాని రాగి గాని లభించును. టైటానియము కూలిన నౌక శకలములనుండియు వచ్చును; ఒక శకలమునకు 4 ఖండములు. రాగికి అట్టి సులభమార్గము లేదు. రాగిని కోరు వస్తువులో, అనేకము.

ఒక బ్యాటరీకి రాగి 1, ఆమ్లపు పుట్టగొడుగులు 2 కావలెను. రాగితీగకు రాగి 2. వస్తువులను పరిశీలించు స్కానరునకు ఒక బ్యాటరీ, ఒక టైటానియము. నీటిలో వేగముగా కొనిపోవు సీగ్లైడునకు బ్యాటరీ, రాగితీగ రెండును కావలెను. అనగా రాగి 3. నివాసమును కట్టు పనిముట్టునకును మొత్తము రాగి 3 పట్టును.

చేతిలో రాగి 3 మాత్రమే ఉన్నదనుకొందము. వేగమునకు ఆశపడి సీగ్లైడునకే దాచుకొనవలెనని పలువురకు తోచును. కాని సీగ్లైడు ముక్కలను స్కానరుతో పరిశీలించినగాని దాని నమూనా తెలియదు. కావున మొదటి రాగి స్కానరునకే చెందవలెను. ఇతర పనిముట్లకు దారి చూపు పనిముట్టును ముందు చేసికొనుట మొదటి సూత్రము.

తరుగునది, పెరుగునది

బ్యాటరీలోని రెండు పదార్థములను పోల్చి చూడుడు. పుట్టగొడుగును మడి కట్టి పెంచుకొనవచ్చును. పగులగొట్టిన సున్నపురాయి మరల మొలవదు. కావున బ్యాటరీ నిజమైన వెల దానిలోని రాగియే.

శక్తి తీరిన బ్యాటరీని పాఱవేసి క్రొత్తది చేయువాడు ప్రతిసారియు ఒక రాగిని పోగొట్టుకొనుచున్నాడు. ఛార్జరు నమూనా దొరకినపిమ్మట రాగి 2 దానికిని, రాగి 1 సౌరఫలకమునకును వెచ్చించినచో, ఒకేసారి 4 బ్యాటరీలకు మరల శక్తి నింపవచ్చును. పదిమార్లు బ్యాటరీ తీరినచో క్రొత్తవాటికి రాగి 10 పట్టును. ఈ మార్గమున 3 చాలును. ఛార్జరునకు వెండి మొదలగునవియు కావలెను గనుక ఆరంభమున ఇది భారముగనే తోచును.

ఇంకొక భేదము గలదు. కట్టిన గదిని విప్పినచో దాని సామగ్రి యంతయు తిరిగి చేతికి వచ్చును. వాడిన బ్యాటరీలోని రాగి అట్లు రాదు. కావున గది కట్టుటలో ధైర్యము చూపవచ్చును. బ్యాటరీ చేయుటలో ఆలోచన వలయును.

ఒక ఉప్పుగల్లు, రెండు దారులు

ఉప్పుతో చేపను ఊరవేసినచో అది చెడదు. కాని తిన్నవానికి దప్పిక పెరుగును. అదే ఉప్పును పగడపు గొట్టపు ముక్కతో చేర్చి బ్లీచింగు ద్రావకము చేసినచో రెండు సీసాల త్రాగునీరు లభించును. ఆకలి, దప్పికలలో ఏది ముందు ప్రాణము మీదికి వచ్చునో చూచి ఉప్పును వాడవలెను. ఒకదానిని ఎన్నుకొనుట వలన విడిచిపెట్టిన రెండవదియే మన ఎంపికకు అసలు వెల.

నిలువ చేయరానిది

ఆటలో సీసా లేని మనుష్యునకు 45 సెకనుల ఊపిరి మాత్రమే ఉండును. టైటానియము 3 వెచ్చించి ప్రాణవాయువు సీసా చేసికొన్నచో అది 75 సెకనులగును. ఎంత లోతునకు దిగినారో అంత దూరము పైకి రావలెను గదా! ‘ఇంకొక్క రాయి’ అని ఆశపడి ఆలస్యము చేసినవాడు ఊపిరాడక మరణించి, బయలుదేరిన తరువాత కూర్చుకొన్న వస్తువులలో కొన్నింటిని పోగొట్టుకొనును. కఠినవిధానమున ఆడువానికి ఆటయే ముగియును.

తల్లిదండ్రులకు

ఆటలో కాలము వ్యర్థమగునని మీరు భయపడుట సహజమే. ఆటకు హద్దు ఉండవలసినదే. అయినను, ఆడుటకు ముందు బిడ్డను ‘నేడు ఏమి తేవలెను? దేనికొఱకు? ఎపుడు వెనుదిరుగుదువు?’ అని తెలుగున అడుగుడు. మన బిడ్డలు బజారులో ఒక భాష, తెరపై ఇంకొక భాష వినుచున్నారు. లెక్కించి, కారణము చూపి, నిర్ణయమును సమర్థించు పనికి ఇంటి భాష చాలదని వారికి తోచరాదు. రాగి, వెండి, సీసము, పలుగురాయి అను పేర్లు వారి పాఠములలోనివే. ఆటలోని రాళ్లకును ఆ పేర్లే చెల్లును. నెలజీతమును బియ్యమునకు, బడి ఖర్చునకు, మందులకు పంచు లెక్కలో బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నచో, ఆటలో నేర్చినది ఇంటికి ఉపయోగపడును.

అభ్యాసము

1. రాగి ఖండములు 6 కలవు. స్కానరు, సీగ్లైడు చేసిన పిమ్మట మిగిలిన రాగితో ఛార్జరు, సౌరఫలకము రెండును చేయవచ్చునా? కారణము వ్రాయుడు.

2. మీ ఇంట వాడు వస్తువులలో తిరిగి పెరుగునవి మూడు, తిరిగి రానివి మూడు పేర్కొనుడు.

3. ఈ వారము మీ ఇంట ఒక వస్తువునకు బదులు వేఱొకటి కొనిన సందర్భమును పెద్దలనడిగి, విడిచిపెట్టినదేదో, ఎందులకో ఐదు వాక్యములలో వ్రాయుడు.