నిద్ర మాత్ర: ఎంత మేలు? ఎంత కీడు?

"డాక్టరుగారూ, రాత్రంతా కన్ను మూతపడటం లేదు. ఒక నిద్ర మాత్ర రాయండి" అని చాలామంది అడుగుతుంటారు. మాత్ర చెడ్డది కాదు. అయితే ఎన్నాళ్ళు వాడాలో, ఎలా ఆపాలో తెలుసుకొని వాడాలి.

మేలు: ఇంట్లో ఎవరైనా చనిపోయినప్పుడు, ఆపరేషను సమయంలో, తీవ్రమైన ఆందోళనలో ఆల్ప్రజోలామ్, జోల్పిడెమ్ వంటి మాత్రలు నిద్రనిస్తాయి. కొద్ది రోజులు చాలు. సాధారణంగా 2 నుండి 4 వారాలు మించకూడదు.

కీడు: రోజూ వాడితే శరీరం అలవాటు పడుతుంది. మొదట అర మాత్రతో వచ్చిన నిద్ర తరువాత రెండు వేసుకున్నా రాదు. ఉదయం మగత ఉంటుంది. అప్పుడు బండి, ట్రాక్టరు నడపడం ప్రమాదం. పెద్దవారు రాత్రి మూత్రానికి లేచి, తూలిపడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. మద్యంతో కలిపితే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. గురక ఎక్కువగా ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఒక్కసారిగా ఆపకండి: 2015 సెప్టెంబరులో తెలంగాణలోని నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అధికారులు కల్తీ కల్లును అరికట్టారు. ఆ కల్లులో ఆల్ప్రజోలామ్, డైజెపామ్ వంటి మత్తుమందులు కలిపేవారు. రోజూ తాగేవారు తమకు తెలియకుండానే వాటికి బానిసలయ్యారు. కల్లు దొరకకపోయేసరికి వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్‌తో ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. నెలల తరబడి మాత్రలు వాడి హఠాత్తుగా మానేసినా ఇలాగే జరగవచ్చు. డాక్టరు సలహాతో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ముందు కారణం వెతకాలి: షుగరు వలన మాటిమాటికి మూత్రం, ఆయాసం, కీళ్ళనొప్పులు కూడా నిద్ర చెడగొడతాయి. మిర్చి, పత్తి పంటలకు చేసిన అప్పుల దిగులుకు మాత్ర మందు కాదు. బ్రతకాలని లేదనిపిస్తే దాచుకోకండి. వెంటనే ఇంట్లోవారికి, డాక్టరుకు చెప్పండి. అలాంటి ఇంట్లో మాత్రలు మరొకరి దగ్గర భద్రంగా ఉండాలి.

మీరు చేయగలిగినవి:
1. రాత్రి ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవండి.
2. మధ్యాహ్నం తరువాత టీ, కాఫీ మానండి. పగటి నిద్ర అరగంట మించనీయకండి.
3. 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి కూర్చోండి. నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కండి.
4. పొరుగువారి మాత్ర మీరు మింగకండి. చీటీ లేకుండా మందుల షాపులో అడగకండి.

ఇప్పటికే మాత్రలు వాడుతుంటే, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ అట్టలు వెంట తెచ్చి డాక్టరుకు చూపించండి.