పాఠం 12 : మొసలి పొరుగున

ఈ పాఠం చదివిన తరువాత, ఊరి దాపుకు వచ్చే క్రూరజంతువును పట్టి దూరంగా వదిలేస్తే సమస్య ఎందుకు తీరదో మీరు చెప్పగలుగుతారు. మీ ఊరి అవసరాన్ని వివరిస్తూ పంచాయతీకి అర్జీ రాయగలుగుతారు.

12.1 పులి లేని అడవి

క్రూరజంతువులు అనగానే మనకు పెద్దపులి, చిరుత గుర్తుకువస్తాయి. అండమాన్ నికోబార్ దీవుల అడవులలో ఇవి లేవు. చిన్న అడవిపిల్లి కూడా లేదు. బ్రిటిష్ వారి కాలంలో తెచ్చి వదిలిన చుక్కల జింకలు మితిమీరి పెరిగాయని, వాటిని అదుపు చేయడానికి 1950 దశకం మొదట్లో రెండు ఆడ చిరుతలను తెచ్చి వదిలారు. రెండూ ఆడవే! ఆ తరువాత వాటి జాడ లేదు.

అయితే ఈ దీవులలో పులి చోటు ఖాళీగా లేదు. ఆ చోటులో ఉన్నది ఉప్పునీటి మొసలి. ఇప్పుడు భూమిమీద ఉన్న సరీసృపాలన్నిటిలోకీ ఇదే పెద్దది. మగ మొసలి 6 మీటర్ల వరకు పెరగగలదు. మన దేశంలో ఇది సుందర్‌బన్స్‌లోను, ఒడిశాలోని భితర్‌కనికలోను, ఈ దీవులలోను కనిపిస్తుంది. నాలుకపై ఉన్న గ్రంథుల ద్వారా అదనపు ఉప్పును బయటికి పంపుతుంది. అందువల్ల మడ కాలువలోనే కాదు, సముద్రంలో కూడా చాలా దూరం ఈదిపోగలదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో చాలామందికి వేటే, అంటే చేపల వేటే, జీవనాధారం. మొసలి సంగతి వారికి వినోదం కాదు.

12.2 ఎవరి చోటుకు ఎవరు వచ్చారు?

ఒకప్పుడు చర్మం కోసం మొసళ్ళను విచ్చలవిడిగా చంపేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉప్పునీటి మొసలిని చేర్చారు. 1975లో కేంద్ర ప్రభుత్వం మొసళ్ళ సంరక్షణ పథకం ప్రారంభించింది. దక్షిణ అండమాన్‌లోని లోహాబ్యారక్‌లో వీటికోసమే ఒక అభయారణ్యం ఉంది.

2004 డిసెంబర్ 26న భూకంపం, సునామీ వచ్చాయి. దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) సమీపంలోని సిప్పీఘాట్‌లో వరిపొలాలలోకి సముద్రపు నీరు వచ్చి, అక్కడే నిలిచిపోయింది. నిన్నటి పొలం గట్టు నేడు మొసలి తిరగగల నీటి అంచు అయింది. ఇందులో రైతు తప్పూ లేదు, మొసలి తప్పూ లేదు.

2010లో హావ్‌లాక్ దీవిలో (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) సముద్రంలో దిగిన ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. అటువంటి వార్త రాగానే అందరి నోటా ఒకే మాట వస్తుంది: "దాన్ని పట్టుకుపోయి ఎక్కడో వదిలేయండి."

12.3 వదిలేస్తే పోతుందా?

ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ ప్రశ్ననే పరీక్షించారు. ఉప్పునీటి మొసళ్ళను పట్టి, ఉపగ్రహం ద్వారా జాడ తెలిపే పరికరాలు అమర్చి, దూరంగా వదిలారు. 2007లో ఫలితాలు ప్రకటించారు. ఒక మొసలిని ద్వీపకల్పానికి అవతలి తీరంలో వదిలితే, అది తీరం చుట్టూ 400 కిలోమీటర్లకు పైగా ఈది, 20 రోజులలో తన పాత చోటుకు చేరింది!

చిరుత విషయం ఇంకా ఆలోచించదగినది. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చిరుతలు చెరకుతోటలలో ఉండేవి. 2001 నుంచి వాటిని పెద్దసంఖ్యలో పట్టి వేరే అడవులలో వదిలారు. మనుషులపై దాడులు తగ్గలేదు సరికదా, ఏడాదికి సగటున 4 ఉన్నవి 17కు పెరిగాయి.

ఆగి ఆలోచించండి: తెలియని ఊరిలో దింపేసిన జంతువు ఏం చేస్తుంది? అది వదిలిపోయిన చోటులోకి ఏది వస్తుంది?

12.4 పిలిచేది ఎవరు?

నీటిలో ఏనుగునైనా పట్టే మొసలి, ఒడ్డున కుక్కకు లొంగుతుందన్న వేమన మాట మీరు వినే ఉంటారు. నిజానికి నీటి అంచున మాత్రం కుక్కే మొసలికి ఆహారం. కోళ్ళ దుకాణాల వ్యర్థాలు, చేపల తలలు, పేగులు కాలువలో పారబోస్తే కుక్కలు చేరతాయి, వాసనకు మొసలీ చేరుతుంది. ఊరి చెత్తకుప్ప దగ్గర కుక్కలకోసం చిరుత రావడమూ ఇలాగే.

మొసలి బలం పొంచి ఉండడంలో ఉంది. కనుక రోజూ ఒకే చోట, ఒకే వేళకు నీటిలో దిగకండి. చేపలు శుభ్రం చేయడం నీటి అంచున కాక, గట్టుపై దూరంగా చేయండి. చీకటి పడ్డాక మడ కాలువలలో నడవకండి. పడవ అంచునుంచి కాళ్ళు వేలాడవేయకండి. వానాకాలంలో ఆకులు, గడ్డి పోగుచేసి కట్టిన గూడు కనిపిస్తే వెంటనే వెనుదిరగండి. తల్లి దగ్గరలోనే కాపలా ఉంటుంది.

వండూర్, కార్బిన్స్ కోవ్ తీరాలలో స్నానం చేసేవారికోసం వలలు కట్టారు. మంచిదే. కాని మోకాలి లోతు బురదలో పీతలు ఏరి పొట్టపోసుకునే మనిషికి ఏ వల అడ్డుంది? "నీటిలో దిగరాదు" అన్న బోర్డు పర్యాటకుడికి సలహా. ఆ మనిషికి అది ఒక పూట కూలి పోవడం. కనుక హెచ్చరికతో పాటు పడవరేవు, వెలుతురు, వ్యర్థాలు వేసే చోటు కూడా అడగవలసిందే.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. సిప్పీఘాట్ పొలాలకు 2004 తరువాత ఏమైంది?
2. జున్నర్‌లో చిరుతలను తరలించిన ఫలితం ఏమిటి? మీ మాటలలో నాలుగు వాక్యాలు రాయండి.
3. "పొంచి ఉండు", "దాపు", "జాడ" – వీటిని సొంత వాక్యాలలో ఉపయోగించండి.
4. మీ ఊరి కాలువ ఒడ్డున మాంసం వ్యర్థాలు పారబోస్తున్నారు. వాటికి వేరే చోటు చూపమని, రేవు దగ్గర దీపం పెట్టించమని కోరుతూ పంచాయతీ ప్రధాన్‌కు అర్జీ రాయండి. తేదీ, మీ పేరు, వార్డు రాయడం మరవకండి. రాసినదాన్ని ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి. వారు చెప్పిన మార్పులు చేర్చి మళ్ళీ రాయండి.