సీదోను రేవులో ఒక దినము

పాఠ్యభాగము: అపొ. కార్యములు 27:1–3, 21:3–7

మన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమువారికి సముద్రమనగా చదివినదే గాని చూచినది తక్కువ. మనకు తెలిసిన పెద్ద నీళ్లు గండిపేట, హిమాయత్ సాగర్ చెరువులే. అందుచేత పౌలు ఓడ ప్రయాణములను త్వరత్వరగా చదివి, తుఫాను రేగినచోట మాత్రమే నిలిచెదము. ఈ నెల తుఫానుకు ముందున్న ఒక్క వచనమునొద్ద నిలుతము.

పౌలు ఖైదీగా కైసరయలో ఓడ ఎక్కెను. మరునాడు సుమారు 70 మైళ్ల దూరముననున్న సీదోనుకు చేరిరి. శతాధిపతియైన యూలి అతనిని దిగి స్నేహితులయొద్దకు పోనిచ్చెను. ఎందుకు? బోధించుటకని లూకా వ్రాయలేదు, పట్టణము చూచుటకనియు వ్రాయలేదు. పరామరిక పొందుటకని వ్రాసెను. గ్రీకు మూలములో ఆ మాట 'ఎపిమెలెయ'. మంచి సమరయుడు గాయపడినవానికి పూటకూళ్లవాని యింట చేసిన పరామర్శను చెప్పుటకు లూకా వాడిన క్రియయు ఈ మాటకు తోబుట్టువే. సెమినరీలో దీనిని నోటుపుస్తకమున వ్రాసికొంటిని. అర్థము మాత్రము నాకు గత సంవత్సరము విశాఖపట్టణములో తెలిసెను.

మన సంఘపు విధవరాలి కుమారుడొకడు యాత్రికుల ఓడలో, వంటశాలయందు పాత్రలు కడుగు పనిలో నున్నాడు. ఆ ఓడ విశాఖలో ఒక పగలు ఆగునని తెలిసి, తల్లి నన్ను తోడు రమ్మనెను. జొన్నరొట్టెలు, మామిడి తొక్కు మూటగట్టుకొని రాత్రి రైలెక్కితిమి. ఆ రేవున యాత్రికుల ఓడలకై 2023లో ప్రత్యేక టెర్మినలు వెలిసినది. యాత్రికులు బస్సులెక్కి కైలాసగిరికి, తీరమున ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర జలాంతర్గామికి పోయిరి. మన పిల్లవానికి దొరికినది నాలుగు గంటలు.

నా యొద్దను ఒక జాబితా యుండెను. 1805లో లండన్ మిషనెరీలు క్రాన్, డేగ్రాంజి దిగి, సువార్తలను తెలుగు చేయ పూనుకొనిన పట్టణమది. చూపవలసినది చాల గలదని బయలుదేరితిని. పిల్లవాడు రెండు రొట్టెలు తిని, మేము దిగిన దేవాలయపు వరండాలో పండుకొనెను. ఆ పాస్టరు భార్య, మమ్మునెరుగని మనిషి, చాప తెచ్చి పరచెను. గంట గడచెను. కాలమంతయు వ్యర్థమగుచున్నదని నేను లేపబోతిని.

“జరంత పండనియ్యుండ్రి అయ్యగారూ, ఓడల నిద్ర నిద్రేనా?” అని తల్లి నా చెయ్యి ఆపెను. కొంగుతో ఈగలు తోలుచు కూర్చుండెను.

నేడు యూలి దయ ఒక నియమమైనది. పనికి అడ్డము రానప్పుడు నావికులకు ఆరోగ్యము కొరకు తీరమున సెలవు ఇయ్యవలెనని 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడిక చెప్పుచున్నది; మన దేశము దానిని 2015లో అంగీకరించెను. అయితే చాప పరచువారిని ఏ ఒడంబడికయు ఇయ్యలేదు. సీదోను స్నేహితుల పేర్లు మనకు తెలియవు. తొలెమాయిలో పౌలు సహోదరులయొద్ద ఒక దినముండెను, అక్కడను పేర్లు లేవు. తూరులోనైతే భార్యలు, పిల్లలు పట్టణము వెలుపలిదాక సాగనంపి తీరమున మోకాళ్లూనిరి. మాకు గేటు దాటుటకు చీటీ లేనందున రోడ్డుమీదనే ప్రార్థించితిమి.

తిరుగు రైలులో ఆమె నన్నడిగెను: “సీదోనుల పౌలుకు అన్నం పెట్టిన్రా అయ్యగారూ?”

“లూకా వ్రాయలేదమ్మా” అంటిని.

“పెట్టే ఉంటరు” అనెను.